వేగిస చెక్కతో తలవాకిలి: దుంగ కొన్న రోజు నుంచి గడపకు పసుపు పూసే దాకా

చిత్తూరు, తిరుపతి పక్క పాత మిద్దెల్లో తలవాకిలి చూడండి. టేకు కాకపోతే చాలాచోట్ల అది వేగిసే. కొందరు యేగి అంటారు, కొందరు పెద్దేగి అంటారు, తమిళం కలిసే ఊళ్ళలో వేంగై అంటారు. చెట్టు ఒకటే. టేకు కన్నా గట్టిది, బరువైనది. చేవకు, అంటే లోపలి గట్టి చెక్కకు, చెదలు సులభంగా పట్టవు. ఇంత మంచి చెక్కను ఈ మధ్య వద్దంటున్నవాళ్ళు ఎక్కువయ్యారు. గోడల మీద పసుపు కారుతుందని, పెయింటు నిలవదని, తలుపు రెక్క బిగుసుకుపోతుందని చెబుతారు. చెప్పేది నిజమే. కానీ ఆ మూడూ పచ్చి చెక్కను తొందరపడి గోడలో పెట్టడం వల్ల వచ్చేవే. వేగిసలో ఎర్రటి బంక ఉంటుంది, తడి తగిలితే పసుపు రంగు దిగుతుంది. ఆ పసర ముందే కక్కించి, తర్వాత నిదానంగా ఆరబెడితే ఆ వాకిలి మనవళ్ళ కాలానికీ ఉంటుంది.

ఈ పనికి కనీసం ఎనిమిది నెలలు పడుతుంది. పునాది తీసేటప్పుడే చెక్క కొనాలి. గోడలు లేచాక కొందామనుకుంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

చెక్కను గుర్తుపట్టడం

చెట్టు నిలువుగా ఉంటే గుర్తుపట్టడం తేలిక. ఒక్కో ఈనెకు ఐదు నుంచి ఏడు ఆకులుంటాయి, ఆకు కొన దగ్గర చిన్న నొక్కు ఉంటుంది. పూలు పసుపు పచ్చగా, వాసనగా ఉంటాయి. కాయ గుండ్రంగా, చుట్టూ రెక్క ఉన్న బిళ్ళలా ఉండి, నడుమ ఒక గింజ ఉంటుంది. బెరడు మీద కత్తి గాటు పెడితే నెత్తురులాంటి జిగురు ఊరి, గాలికి గడ్డకట్టి పెళుసుగా మారుతుంది. ఎర్రచందనం దీని చుట్టమే, శేషాచలం కొండల్లో రెండూ ఉంటాయి. కానీ ఎర్రచందనానికి ఎక్కువగా మూడేసి ఆకులు, గుండ్రంగా ఉంటాయి. దాని బెరడు మొసలి వీపులా చదరాలు చదరాలుగా పగిలి ఉంటుంది.

టింబర్ డిపోలో మీకు కనిపించేది దుంగో, వాకిలి చట్రానికి కోసిన కమ్మో. చేవ బంగారు గోధుమ రంగులో ఉండి, అక్కడక్కడ ముదురు చారలుంటాయి. దాని చుట్టూ సన్నగా పాలిపోయిన తెల్ల చెక్క ఉంటుంది. అనుమానం వస్తే చిటికెడు రంపపు పొట్టు అడగండి. గాజు గ్లాసులో మంచినీళ్ళు పోసి అందులో వేయండి. వేగిస అయితే కాసేపటికే నీళ్ళు టీ డికాషన్ రంగుకు తిరుగుతాయి. గ్లాసును ఎండలో, వెనక నల్లటి గుడ్డ పెట్టి పక్కనుంచి చూస్తే నీళ్ళ అంచున నీలం మెరుపు కనిపిస్తుంది. టేకు పొట్టుకు ఆ మెరుపు రాదు. టేకుకు తన వాసన ఉంటుంది, చేతికి నూనె తగిలినట్టుంటుంది. వేగిస చేతికి పొడిగా తగులుతుంది.

బరువు కూడా చెబుతుంది. బాగా ఆరిన వేగిస ఒక ఘనపుటడుగు సుమారు 22, 23 కిలోలు తూగుతుంది. ఆరిన టేకు 18 కిలోల దగ్గర ఉంటుంది. అంతకన్నా చాలా ఎక్కువ తూగితే అది ఇంకా పచ్చిగానే ఉందన్నమాట. అమ్మేవాళ్ళు రెండేళ్ళు ఆరిందని చెప్పినా తూకం అబద్ధం చెప్పదు.

ఎక్కడ కొనాలి

అన్నిటికన్నా మంచిది పాత మిద్దె కూల్చినచోట దొరికే చెక్క. మట్టి మిద్దెల దూలాలు, పాత వాకిళ్ళు యాభై, అరవై ఏళ్ళుగా ఆరినవి. వాటిలో పసర దిగాల్సింది ఎప్పుడో దిగిపోయి ఉంటుంది, కొత్తగా వంకరపోయేదీ ఉండదు. చూడాల్సింది మూడు సంగతులు. మొదటిది మేకులు. ఒక అయస్కాంతాన్ని దారానికి కట్టి చెక్క పొడవునా తిప్పండి, లోపల మేకుంటే అది పక్కకు లాగుతుంది. మిల్లు రంపానికి ఒక్క మేకు తగిలినా పళ్ళు పోతాయి, ఆ డబ్బు మీ మీదే పడుతుంది. రెండోది దూలం గోడలో దిగిన చివరలు. తడికి కుళ్ళేది అక్కడే, కనుక రెండు పక్కలా అడుగు చొప్పున వదిలేసి లెక్క వేసుకోండి. మూడోది పుచ్చు. తెల్ల చెక్క ఉన్న అంచుల్లో గుండుసూది రంధ్రాలు, వాటి కింద మెత్తటి పిండి కనబడితే ఆ అంచు చెక్కించి పారేయాలి. చేవ బాగుంటే చెక్క బాగున్నట్టే.

పాత చెక్క దొరకకపోతే లైసెన్సున్న టింబర్ డిపోలోనే కొనండి. బిల్లుతో పాటు అటవీ శాఖ రవాణా పర్మిట్ ఉండాలి, దుంగ చివర సుత్తి ముద్ర ఉండాలి. బిల్లులో చెట్టు పేరు, దుంగల సంఖ్య, కొలత మీ కళ్ళముందున్న సరుకుతో కలవాలి. ఈ జిల్లాల్లో చెక్పోస్టుల్లో ఎర్రచందనం కోసం తనిఖీ గట్టిగా ఉంటుంది. ఎర్రటి చెక్క వేసుకుని కాగితం లేకుండా రోడ్డెక్కితే బండి ఆగిపోవడం ఖాయం. సొంత పొలంలో చెట్టున్నా నరకడానికి, తరలించడానికి ముందే అనుమతి తీసుకోవాలి. కొండ మీద నుంచి తెచ్చామని చౌకగా ఇస్తామనే చెక్క జోలికి పోవద్దు. శేషాచలంలో, తలకోన దాపుల్లో పెద్ద వేగిస చెట్లు ఇప్పటికే తగ్గిపోయాయి. ఒక తలవాకిలికి సరిపడా లావెక్కడానికి చెట్టుకు దశాబ్దాలు పడుతుంది.

కొలత, లెక్క

దుంగ కొలతకు డిపోల్లో వాడేది చుట్టుకొలత లెక్క. బెరడు తీసిన దుంగ నడుమన టేపు చుట్టి అంగుళాల్లో కొలవాలి. దాన్ని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, అడుగుల్లో పొడవుతో గుణించి, 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. చుట్టు 48 అంగుళాలు, పొడవు 8 అడుగులు అనుకోండి. 48ని 4తో భాగిస్తే 12, 12 పన్నెండ్లు 144, దాన్ని 8తో గుణించి 144తో భాగిస్తే 8 ఘనపుటడుగులు. ఈ లెక్కలో దుంగ అసలు పరిమాణంలో ముప్పావు కన్నా కొంచెం ఎక్కువే బిల్లులోకి వస్తుంది. గుండ్రటి దుంగ కోస్తే పోయే అంచుల కోసమే ఆ వెసులుబాటు. కనుక చివరల్లో కొలిచి ఎక్కువ వేయనివ్వకండి, నడుమనే కొలవమనండి.

వాకిలి లోపలి తెరుపు 3 అడుగుల 6 అంగుళాల వెడల్పు, 7 అడుగుల ఎత్తు అనుకుందాం. కమ్ముల మందం పని అయ్యాక 5 అంగుళాలకు 3 అంగుళాలు. చిత్రిక పట్టినప్పుడు, ఆరినప్పుడు తగ్గుతుంది కాబట్టి ఐదుంపావుకు మూడుంపావు కోయించాలి. నిలువు కమ్మి ఒక్కొక్కటి, పైనా కిందా కుసులతో, అంటే బెజ్జంలో దూరే కొసలతో కలిపి 7 అడుగుల 6 అంగుళాలు. గడప, పైకమ్మి గోడలోకి దిగే నాలుగేసి అంగుళాల కొమ్ములతో కలిపి 4 అడుగుల 8 అంగుళాలు. నాలుగూ కలిపితే కోసిన చెక్క 3 ఘనపుటడుగులకు కాస్త తక్కువ.

దుంగగా కొంటే ఇంకా కావాలి. 48 అంగుళాల చుట్టున్న దుంగలో తెల్ల చెక్క పోగా 9 అంగుళాల చదరం వస్తుంది. దాన్ని గుండె మీదుగా కోయకుండా ఇటొక పలక, అటొక పలక తీస్తే ఒక్కోదానిలో ఒక కమ్మి వస్తుంది. కాబట్టి నిలువు కమ్ములకు 8 అడుగుల దుంగ, గడపకూ పైకమ్మికీ ఐదుంపావు అడుగుల దుంగ కావాలి. మిగిలే చెక్క పారేసేది కాదు. రెక్కల పట్టీలకు, కిటికీ చట్రాలకు వాడుకోవచ్చు.

కోయించడం

దుంగ నడిబొడ్డున ఉండే గుండె మీ కమ్మిలో పడకూడదు. మిల్లులో గట్టిగా చెప్పాల్సింది ఈ ఒక్క మాటే. గుండె ఉన్న కమ్మి ఎంత జాగ్రత్తగా ఆరబెట్టినా నిలువునా బీట తీస్తుంది, ఎందుకంటే గుండె చుట్టూ చెక్క అన్ని దిక్కులా ఒకేలా కుంచించుకోదు. కోసే ముందు దుంగ చివర సుద్దతో గుండె చుట్టూ రెండంగుళాల చదరం గీసి, ఆ చదరం ఏ కమ్మిలోకీ రాకుండా గీతలు వేయించండి. తెల్ల చెక్క ఒక అంచునా మిగలకూడదు. పుచ్చు పట్టేది, బూజు పట్టేది అక్కడే.

కోతకు మంచి కాలం మార్గశిరం, పుష్యం. తుపాను వానలు తగ్గి, ఎండ ఇంకా ముదరని రోజులవి. కత్తిరి ఎండల్లో కోయిస్తే వారం తిరక్కుండా చివర్లు పగిలిపోతాయి.

పొట్టు ఎగిరేచోట ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఈ పొడి చాలామందికి తుమ్ములు, గొంతు మంట తెప్పిస్తుంది.

పసర కక్కించడం

పాత మిద్దె చెక్కకు ఈ మెట్టు అక్కర్లేదు. కొత్త చెక్కకు మాత్రం తప్పనిసరి.

తొమ్మిదడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల లోతు గుంట తీసి మందపాటి ప్లాస్టిక్ పట్టా పరచండి, లేదా ఇటుకలతో తొట్టి కట్టుకోండి. ఇనుప డ్రమ్ములు, రేకు తొట్లు వద్దు. వేగిసలో ఉండే వగరు ఇనుముతో కలిసి చెక్కను నల్లగా మారుస్తుంది, ఆ నలుపు లోపలికి దిగితే చిత్రిక పట్టినా పోదు. కమ్ముల మధ్య వెదురు పుల్లలు పెట్టి, నీళ్ళు నిండా పోసి, పైన రాళ్ళు ఎత్తండి. ఏ కమ్మీ నీటి మీదికి తేలకూడదు.

మొదటి నీళ్ళు రెండో రోజే పారబోయండి. చిక్కటి డికాషన్‌లా ఉంటాయి. తర్వాత నాలుగు రోజులకోసారి మార్చండి. ప్రతిసారీ పారబోసే ముందు ఒక గాజు సీసాలో కొంచెం పట్టి తేదీ రాసి ఎండలో వరసగా పెట్టుకోండి. మొదటి సీసా చిక్కటి డికాషన్ రంగులో, అంచున నీలం మెరుపుతో ఉంటుంది, ఐదో ఆరో సీసాకు లేత తేనె రంగుకు వస్తుంది. రెండు సీసాల మధ్య తేడా కనిపించనప్పుడు ఆపేయొచ్చు. సుమారు మూడు వారాలు పడుతుంది. ఈ నానబెట్టడంలో పైపొరలోని పసరే దిగుతుంది, కమ్మి నడుమ దాకా నీళ్ళు పోవు. గోడను తాకేది, పెయింటు ఎక్కేది పైపొరే గనుక అది చాలు. అందుకే నానబెట్టాక చిత్రిక మరీ లోతుగా పట్టకూడదు. ఐదుంపావును ఐదు చేయడానికి ప్రతి ముఖం నుంచి నూలుడు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు తీస్తే సరిపోతుంది.

ఆ నీళ్ళు తెల్ల బట్టల మీద పడితే మరక వదలదు. బావి పక్కన, బండ పరిచిన వాకిట్లో పోయకండి.

ఆరబెట్టడం

తొట్టిలోంచి తీసిన కమ్ముల్ని రెండు రోజులు నీడలో నిలువుగా ఆనించి నీరు ఓడనివ్వండి. వెంటనే రెండు చివర్లకు కరిగించిన మైనమో, మందంగా నూనె పెయింటో రెండు పూతలు వేయండి. నీరు చివర్ల నుంచి అన్నిటికన్నా వేగంగా పోతుంది. చివర ఆరి కుంచించుకుంటుంటే నడుమ పచ్చిగా ఉండిపోతుంది, అప్పుడే చివర్లు చీలతాయి. మన పెద్దవాళ్ళు పేడ మట్టి మెత్తేది ఇందుకే. అది ఎండి రాలిపోతే మళ్ళీ మెత్తాలి, మైనం అయితే నిలుస్తుంది.

గాలి ఆడే కొట్టం గానీ, మూడు పక్కలా తెరిచిన షెడ్డు గానీ చూసుకోండి. నేల మీద ఇటుకలతో అడుగున్నర ఎత్తు దిమ్మెలు వరసగా పెట్టి, వాటి మీద కమ్ముల్ని పడుకోబెట్టండి. వరసకు వరసకు మధ్య అంగుళం మందం అడ్డు పుల్లలు రెండేసి అడుగులకొకటి వేయండి. ఈ పుల్లలు బాగా ఎండిన వేపవి అయితే మంచిది. పచ్చి పుల్లలైతే కమ్మి మీద చారలు పడతాయి. ఒక వరస పుల్ల ఎక్కడుందో, పై వరస పుల్ల సరిగ్గా దాని మీదే ఉండాలి, దాని కింద దిమ్మె ఉండాలి. పుల్లలు అటూ ఇటూ జరిగితే కమ్మి ఆ గుంటలోకే వంగుతుంది, ఒకసారి వంగి ఆరిన వేగిసను సరిచేయడం ఎవరి వల్లా కాదు. అన్నిటి మీదా బరువైన బండలు పెట్టండి. పై వరస బరువు లేకుండా ఉంటే మెలి తిరుగుతుంది.

మాఘంలో పేర్చితే వైశాఖం ఎండలు కమ్ముల నడుమ దాకా పని చేస్తాయి. ఆ ఎండల్లో వడగాలి తగిలే వైపు గోనె పట్టా వేలాడదీయండి. వడగాలి నేరుగా తగిలితే పైముఖం నెరెలు విచ్చుతుంది. జ్యేష్ఠం తర్వాత పట్టా తీసేయొచ్చు.

ఆరిందో లేదో గోటితో గీరి చెప్పేవాళ్ళుంటారు, అది నమ్మదగ్గ పద్ధతి కాదు. పేర్చేటప్పుడే మిగులు చెక్కలోంచి దాదాపు అంతే మందమున్న రెండడుగుల తునకకు చివర్లు మైనం పూసి అదే పేర్పులో నడుమ పెట్టండి. ప్రతి ఆదివారం దాన్ని తూచి గోడ మీద రాయండి. మొదటి నెలలో వారానికి పదుల గ్రాములు తగ్గుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. వరసగా మూడు వారాలు పది గ్రాములు కూడా తగ్గకపోతే ఆరినట్టు లెక్క. ఖచ్చితంగా తెలియాలంటే ఆ తునక నడుమ నుంచి అంగుళం మందం బిళ్ళ కోసి వెంటనే తూచండి. దాన్ని ఇంట్లో కేకులు చేసే ఓవెన్లో 103 డిగ్రీల దగ్గర పెట్టి, బరువు ఇక తగ్గనంత వరకూ గంటకోసారి తూచండి. మొదట 152 గ్రాములు, చివరకు 134 గ్రాములు వచ్చిందనుకోండి. తేడా 18, దాన్ని 134తో భాగించి నూటితో గుణిస్తే 13.4. వాకిలి కమ్ములకు 12 నుంచి 14 శాతం తేమ ఉంటే పనిలో పెట్టొచ్చు. రెక్కల పలకలకు 12 దాటకూడదు. 18, 20 ఉంటే ఇంకో రెండు నెలలు ఆగండి. ఆచారి ఎంత తొందరపెట్టినా, గృహప్రవేశం ముహూర్తం ఎంత దగ్గర పడినా ఆగాల్సింది ఇక్కడే. తప్పదంటే రాతి గడపతో, తాత్కాలిక రెక్కతో పాలు పొంగించుకోవచ్చు. పచ్చి వాకిలి బిగిస్తే మాత్రం ఆ పసుపు ప్రతి వానాకాలం గోడ మీదికి దిగుతూనే ఉంటుంది.

కుసి, బెజ్జం, గాడి

వేగిసలో నార ఒక పొర ఇటు, ఒక పొర అటు మొగ్గి ఉంటుంది. చిత్రిక పట్టే తోపడాతో ఒక వైపు తోస్తే నున్నగా వచ్చి, నాలుగంగుళాలు పోగానే రేకులు లేస్తాయి. తోపడా ఉలిని బాగా సానపట్టి, కాగితం మందం మాత్రమే బయటికి పెట్టి, తరచూ దిక్కు మార్చి తోయాలి. మిషన్ మీద పట్టిస్తే ఒక్కో విడతకు తక్కువ లోతు, నెమ్మదిగా. లేచిన రేకుల్ని మళ్ళీ తోయకండి, ఇంకా లోతుగా లేస్తాయి. గాజు ముక్కతోనో, గీకుడు రేకుతోనో గీకి చదును చేయాలి.

పైకమ్మి మీద లక్ష్మీదేవినో, పూర్ణకుంభాన్నో లోతుగా చెక్కించాలనుకుంటే ఈ నార అడ్డం పడుతుంది. శ్రీకాళహస్తి దారిలోని మాధవమాల శిల్పుల్లాంటి చేయి తిరిగినవాళ్ళకైనా సన్నటి ముక్కు, వేళ్ళ దగ్గర చిట్లుతుంది. వేగిస మీద పైపైన లతలు, పద్మాలు చాలు. లోతు బొమ్మ కావాలంటే టేకు పలక మీద చెక్కించి పైకమ్మికి బిగించుకోవడం మేలు.

కుసి మందం కమ్మి మందంలో మూడో వంతు, అంటే ఇక్కడ అంగుళం. బెజ్జం రెండు వైపుల నుంచీ సగం సగం కొట్టాలి, ఒకే వైపు నుంచి కొడితే అవతలి ముఖం పెచ్చులూడుతుంది. కుసి చేత్తో నెడితే సగం దూరి, చెక్క సుత్తితో నాలుగు దెబ్బలకు పూర్తిగా దిగాలి. అంతకన్నా బిగుతైతే నిలువు చీలిక వస్తుంది. వేగిస లొంగే చెక్క కాదు.

మేకులతో జాయింటు బిగించవద్దు. బెజ్జం బుగ్గల్లో పెన్సిల్ మందం రంధ్రం వేసి, కుసిని దూర్చి ఆ రంధ్రం గుర్తు కుసి మీద పెట్టుకోండి. కుసిని బయటికి తీసి, రంధ్రాన్ని ఆ గుర్తు కన్నా ఒకటిన్నర మిల్లీమీటరు కుసి మొదలు వైపు జరిపి వేయండి. ఎండు వెదురు సీల కొడితే అది కుసిని లోపలికి లాగి పట్టుకుంటుంది. రెక్క కూర్చునే గాడి లోతు అరంగుళం, వెడల్పు రెక్క మందానికి ఒక కాగితం ఎక్కువ. కీళ్ళు, స్క్రూలు ఇత్తడివో స్టెయిన్‌లెస్‌వో తీసుకోండి. మామూలు ఇనుప స్క్రూ చుట్టూ రెండు వానాకాలాల్లో నల్లటి వలయం వస్తుంది. ప్రతి స్క్రూకు ముందుగా సన్న రంధ్రం వేయాల్సిందే. వేయకపోతే ఇత్తడి స్క్రూ తల తెగిపోతుంది.

వాకిలి ఎత్తడం

గోడలో దిగే ముఖాలన్నిటికీ, గడప అడుగుకూ, కొమ్ములకూ తారు పెయింటు రెండు పూతలు వేసి పూర్తిగా ఎండనివ్వండి. ఇది చెదలకన్నా ముందు సిమెంటు నీటి కోసం. తడి సిమెంటు చెక్కలోంచి రంగు లాగుతుంది, ఆ రంగు గోడలోకి పాకి పూత పైదాకా వస్తుంది. కనిపించే ముఖాలకు ఒక పూత పల్చటి లక్క వేసి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టండి.

గడప కింద నవధాన్యాలు, పసుపు కుంకుమ పెట్టుకునేవాళ్ళు వాటిని రాగి రేకులోనో చిన్న మట్టి ముంతలోనో పెట్టి మూత వేయండి. ధాన్యం నేరుగా మట్టిలో పడితే చెదలను మీరే పిలిచినట్టు.

నిలబెట్టేటప్పుడు గుండు దారం రెండు ముఖాలకూ పట్టాలి, వీధి వైపూ, తెరుపు వైపూ. గడపకు రసమట్టం. తర్వాత మూల నుంచి మూలకు టేపు పట్టండి. 42 అంగుళాలకు 84 అంగుళాల తెరుపైతే రెండు మూలకొలతలూ 93 అంగుళాల 7 నూళ్ళ దగ్గర రావాలి. రెండింటికీ తేడా నూలుడు దాటితే రెక్క ఒక మూల రాసుకుంటుంది. సరిపోయాక కింద నుంచి అడుగెత్తున ఒకటి, నడుమ ఒకటి అడ్డు కర్రలు కొట్టి, పని అయ్యేదాకా తీయకండి. మేస్త్రీ గోడ కట్టే ఒత్తిడికి నిలువు కమ్మి లోపలికి ఉబుకుతుంది. తీరా ప్లాస్టరింగ్ అయ్యాక చూస్తే నడుమ తెరుపు అరంగుళం తగ్గి ఉంటుంది.

కమ్మిని గోడకు పట్టి ఉంచే ఇనుప పట్టీలు, అంటే హోల్డ్‌ఫాస్ట్‌లు, పక్కకు మూడేసి చాలు. కింద నుంచి అడుగు ఎత్తులో ఒకటి, పై నుంచి అడుగు దూరంలో ఒకటి, నడుమ ఒకటి. వాటికీ తారు పూయండి.

తర్వాతి పదిహేను రోజులు అసలు పరీక్ష. గోడలకు నీళ్ళు కొట్టేటప్పుడు పైపు వాకిలి మీద పట్టకుండా చూడాలి. పైకమ్మి మీద నిలిచిన నీరు నిలువు కమ్ముల వెంట జారి, గోడ మూలలో పసుపు గీతలు గీస్తుంది. వేగిస మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ రోజుల్లోనే పుడుతుంది. పైకమ్మి మీద ప్లాస్టిక్ పట్టాను గోడ బయటికి వాలేలా కట్టండి. అయినా మరక పడితే దాని మీద సున్నమో డిస్టెంపరో కొట్టి కప్పేయాలని చూడకండి, రెండు నెలల్లో పైకి వస్తుంది. గోడ పూర్తిగా ఆరాక ఆ చోట లక్క పూత ఒకటి వేసి, దాని మీద పెయింటు వేస్తే ఆగుతుంది.

నూనె, పాలిష్

వేగిసకు నప్పేది ఉడికించిన అవిసె నూనె. గుడ్డతో పల్చగా రుద్ది, పావుగంట ఆగి, ఎక్కువైంది తుడిచేసి, ఒక రోజు వదలండి. ఇలా మూడు పూతలు. మూడో పూతకు బంగారు చారలు పైకి తేలి, కమ్మి లోపలి నుంచి వెలుగుతున్నట్టు కనిపిస్తుంది. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. తీగ మీద విడివిడిగా ఆరేసి, తర్వాత పారేయండి.

స్పిరిట్ పాలిష్ వేయించాలనుకుంటే ఒక మాట ముందే తెలియాలి. ఈ బంక స్పిరిట్‌లో కరుగుతుంది. మొదటి చేయి తడిగా, నెమ్మదిగా రుద్దితే గుడ్డ ఎర్రబారి, రంగు ముద్దలు ముద్దలుగా పరుచుకుంటుంది. మొదటి రెండు చేతులూ దాదాపు పొడి గుడ్డతో, ఒకే దిక్కున, ఆగకుండా లాగేయాలి. అవి ఎండాక మామూలుగా వేసుకోవచ్చు.

గడపకు మాత్రం నూనె తప్ప మరేదీ వద్దు. శుక్రవారం శుక్రవారం నీళ్ళు పోసి కడిగి పసుపు పూసే చోటది. వార్నిష్ పొర కింద తడి చేరి తెల్లగా పొంగి, పెచ్చులుగా లేస్తుంది. నూనె పట్టిన గడప మీద పసుపు చక్కగా నిలుస్తుంది. కడిగేది తడిగుడ్డతో అయితే ఇంకా మంచిది. దసరాకు ముందు ఒకసారి, ఉగాదికి ముందు ఒకసారి గడప మీద కొత్తగా నూనె రుద్దండి. మొదటి ఏడాది వానలకు రెక్క కాస్త బిగిసినట్టనిపిస్తే తోపడా పట్టకండి. సంక్రాంతి దాకా ఆగి చూడండి, చాలాసార్లు దానంతటదే వదులవుతుంది.

మిగిలిన ముక్కలు

చేవ ముక్కలు గొడ్డలి పిడికి, రోకలికి, పీటలకు బాగుంటాయి. కొందరు చక్కెర వ్యాధికని గ్లాసు తరిపించుకుని, రాత్రి అందులో నిలిపిన నీళ్ళు తాగుతారు. ఒక మాట చెప్పాలి. భారత వైద్య పరిశోధన మండలి 1998లో వెలువరించిన పరీక్షలో రోగులకు ఇచ్చింది రోజుకు 2 నుంచి 4 గ్రాముల దాకా కొలిచిన వేగిస సారం. గ్లాసులో ఒక రాత్రి నిలిచిన నీటిలో ఎంత దిగిందో ఎవరూ కొలిచి చెప్పలేరు, పైగా వాడేకొద్దీ ఆ రంగు తగ్గిపోతుంది. ఇంట్లో ఎవరైనా ఆ గ్లాసు నమ్ముకుని డాక్టరిచ్చిన మాత్ర మానేస్తుంటే ఆపండి.

తారు తగిలిన ముక్కలు, పాత పెయింటున్న ముక్కలు పొయ్యిలో పెట్టకండి. శుభ్రమైన పొట్టును కళ్ళాపి చల్లే చోట, తెల్ల బండల మీద ఆరబోయకండి, మొదటి వానకే మరక అవుతుంది. ఎరువు గుంటలో కలిపేయండి.

పేర్పులో ఆరి మిగిలిన రెండడుగుల తునకను మాత్రం పేరు, ఏడాది రాసి అటక మీద దాచండి. పదేళ్ళ తర్వాత గడప మూల ఎక్కడైనా పెచ్చు లేస్తే అతుకు వేయడానికి అదే రంగు, అదే నార, అంతే ఆరిన చెక్క బజారులో దొరకదు.